సప్తసముద్రాలు దాటే పొట్లం

ఇంటర్నెట్ వేలంలో మీ పాత నాణేన్నో, తపాలా బిళ్లనో, గ్రామఫోను రికార్డునో ఒక విదేశీయుడు కొన్నంత మాత్రాన అమ్మకం ముగిసినట్టు కాదు. అసలు చిక్కులన్నీ ఆ తరువాతనే మొదలవుతాయి.

1958 నవంబరు 8వ తేదీన న్యూయార్కు నగరంలో ఒక గోధుమరంగు కాగితపు పొట్లం తపాలాలో పడింది. పంపినవాడు హ్యారీ విన్‌స్టన్ అనే రత్నాల వర్తకుడు. చేరవలసిన చోటు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థ. పొట్లంలో ఉన్నది హోప్ వజ్రం. కృష్ణాతీరంలోని కొల్లూరు గనిలో దొరికిందని నిపుణులు భావించే నీలివజ్రం అది. టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుని చేతిమీదుగా 1668లో పద్నాలుగవ లూయీ ఖజానాకు చేరింది. ఫ్రెంచి విప్లవకాలంలో, 1792లో, దొంగల పాలయింది. తరువాత రూపం మార్చుకొని అనేకుల చేతులు మారింది. అటువంటి రత్నానికి విన్‌స్టన్ సాయుధ రక్షకులను నియమించలేదు. రిజిస్టర్డ్ తపాలాలో పంపాడు. ఖర్చు మొత్తం 145 డాలర్ల 29 సెంట్లు. అందులో తపాలా రుసుము 2 డాలర్ల 44 సెంట్లు మాత్రమే. మిగిలినదంతా పది లక్షల డాలర్ల బీమాకు చెల్లించినది. రెండు రోజులలో వజ్రం క్షేమంగా చేరింది.

ఈ కథను చాలామంది తపాలాశాఖ విశ్వసనీయతకు నిదర్శనంగా చెప్పుకుంటారు. కాని రసీదులోని అంకెలను పరిశీలిస్తే మరొక సత్యం బోధపడుతుంది. వజ్రాన్ని మోసినందుకు చెల్లించినదానికి దాదాపు 58 రెట్లు దాని విలువను కాగితం మీద ఒప్పించినందుకు చెల్లించవలసి వచ్చింది. పొట్లానికి తన విలువ తానుగా తెలియదు. మోసేవానికీ తెలియదు. ఆ విలువను పంపేవాడే కాగితాలలో రాసి, రుజువు చేసి, రుసుము చెల్లించి ఒప్పించాలి. ఆ పని చేయనివాడు వజ్రాన్ని పంపినా గాజుపెంకును పంపినా ఒక్కటే.

నాడు విన్‌స్టన్ వంటి వర్తకులకే అక్కరకు వచ్చిన ఈ పాఠం నేడు సామాన్య గృహస్థుకు కూడా అవసరమైంది. 1995లో అమెరికాలో పియర్ ఒమిడ్యార్ అనే యువకుడు ఇంటర్నెట్‌లో ఒక వేలం పేజీ ప్రారంభించాడు. అందులో అమ్ముడుపోయిన తొలి వస్తువు చెడిపోయిన ఒక లేజర్ పాయింటర్. పలికిన ధర 14 డాలర్ల 83 సెంట్లు. చెడిపోయిన వస్తువు ఎందుకని అడిగితే, తాను అటువంటివే సేకరిస్తున్నానని కొన్నవాడు జవాబు చెప్పాడట. ఆ పేజీయే తరువాత ఈబే అయింది. 2004లో ఆ సంస్థ మన దేశంలోని బాజీ డాట్ కామ్‌ను కొని ఇక్కడ అడుగుపెట్టింది. దాని భారతీయ విభాగం 2018 ఆగస్టులో మూతపడినా, మన అమ్మకందారులు విదేశీ కొనుగోలుదారులకు అమ్మే వీలు మాత్రం మిగిలింది.

భారతీయ వస్తువులపై విదేశీ సంగ్రాహకుల మోజు ఎంతటిదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1948లో గాంధీజీ బొమ్మతో వెలువడిన పది రూపాయల తపాలా బిళ్లలలో 'సర్వీస్' అనే ముద్ర ఉన్నవి అత్యంత అరుదు. అటువంటివి నాలుగు కలిసి ఉన్న వరుసను 2017లో లండన్‌లోని స్టాన్లీ గిబ్బన్స్ సంస్థ ఆస్ట్రేలియాకు చెందిన ఒక సంగ్రాహకునికి 5 లక్షల పౌన్లకు అమ్మింది.

ఇటువంటి వార్త చదివిన ఒక గృహస్థు తాతగారి నాటి ట్రంకుపెట్టె తెరిచాడనుకుందాం. అందులో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కాలపు వెండి రూపాయలున్నాయి. అయిదవ జార్జి బొమ్మ ఉన్న రూపాయలున్నాయి. చార్మినారు, ఉస్మాన్‌సాగరు బొమ్మలతో హైదరాబాదు సంస్థానం 1931లో విడుదల చేసిన తపాలా బిళ్లలు అంటించిన కవర్లున్నాయి. నాలుగు గ్రామఫోను రికార్డులు, 1957 నాటి 'మాయాబజార్' పాటల పుస్తకం, నాయనమ్మగారి దంతపు కుంకుమభరిణె కూడా ఉన్నాయి. కూతురి కాలేజీ ఫీజుకు గడువు దగ్గర పడుతున్నది. ఫోటోలు తీసి వేలానికి పెట్టాడు. వారం తిరగకుండా అమెరికా నుంచి, జర్మనీ నుంచి, ఆస్ట్రేలియా నుంచి పాటలు వచ్చాయి. ఇక పొట్లాలు కట్టడమే తరువాయి.

ఆ పొట్లాలు కట్టే ముందు ఆయన తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి.

నూరేళ్ల గీత

మొట్టమొదటి ప్రమాదం దారిలో లేదు, ట్రంకుపెట్టెలోనే ఉన్నది. మన పార్లమెంటు 1972లో పురావస్తువులు, కళానిధుల చట్టం చేసింది. అది 1976 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చింది. దాని ప్రకారం నూరేళ్లు నిండిన శిల్పం, చిత్రం, శాసనం, కళాకృతి ఏదైనా పురావస్తువే. ఆ జాబితాలో నాణెం పేరు స్పష్టంగా ఉన్నది. శాస్త్ర, చారిత్రక, సాహిత్య, సౌందర్య విలువ గల రాతప్రతులకూ దస్తావేజులకూ 75 ఏళ్లు నిండితే చాలు. ఇటువంటివాటిని కేంద్రప్రభుత్వం గాని, ప్రభుత్వం అధికారమిచ్చిన సంస్థ గాని తప్ప ఇతరులు దేశం దాటించరాదు. దాటించినా, దాటించబోయినా ఆరునెలలకు తగ్గకుండా మూడేళ్ల వరకు జైలుశిక్ష, జరిమానా పడతాయి.

ఈ గీత ఒకచోట నిలిచి ఉండదు. ఏడాదికి ఒక అడుగు చొప్పున ముందుకు జరుగుతూ ఉంటుంది. మహబూబ్ అలీఖాన్ 1911లో మరణించాడు. కనుక ఆయన కాలపు ప్రతి రూపాయీ ఆ గీత దాటినదే. విక్టోరియా రాణి రూపాయలు, ఏడవ ఎడ్వర్డు రూపాయలు, 1911 నుంచి 1922 వరకు ముద్రించిన అయిదవ జార్జి వెండి రూపాయలు కూడా అంతే. బంగారు కొట్టులో తూకానికి అమ్ముడుపోయే విక్టోరియా రూపాయి ఇంత సామాన్యమైనది కదా, దీన్ని పురావస్తువు అంటారా అని మన గృహస్థు నివ్వెరపోవచ్చు. చట్టం సామాన్యమా అపురూపమా అని అడగదు, వయస్సు అడుగుతుంది. ఇక 1931 నాటి తపాలా బిళ్లలు 2031లో ఆ గీతను చేరతాయి. కాని ఆ కవరులో ఒక స్వాతంత్ర్య సమరయోధుని ఉత్తరం మడతపెట్టి ఉంటే సంగతి వేరు. బిళ్లకు నూరేళ్ల లెక్క, ఉత్తరానికి 75 ఏళ్ల లెక్క.

వస్తువు వయస్సు విషయంలో సందేహం కలిగితే భారత పురావస్తు సర్వేక్షణ శాఖను ఆశ్రయించి, ఇది పురావస్తువు కాదనే ధ్రువపత్రం పొందవచ్చు. నకలు విగ్రహాలు, పాతకాలపు పోకడలో చేసిన కొత్త కంచుబొమ్మలు పంపేవారికి ఈ పత్రమే రక్ష. అది లేకపోతే కస్టమ్స్ అధికారికి అసలేదో నకలేదో తెలిసే మార్గం లేదు. అనుమానం ఉన్న పొట్లం అక్కడే నిలిచిపోతుంది.

చట్టం ఇంత కఠినంగా ఉండడానికి కారణం వెదకవలసిన పని లేదు. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధక్షేత్రం నుంచి దొంగిలించిన ఒక సున్నపురాతి శిల్పఫలకం న్యూయార్కు వర్తకుల చేతిలో పడింది. 2005లో ఆస్ట్రేలియా జాతీయ కళాశాల దాన్ని కొన్నది. అది ఎక్కడిదో తేలిన తరువాత 2016లో మన దేశానికి అప్పగించింది. వస్తువు పుట్టుపూర్వోత్తరాలు చెప్పే కాగితాలు సరిగా లేకపోతే ఒక దేశపు జాతీయ సంస్థే కొన్నదాన్ని వదులుకోవలసి వచ్చింది. సామాన్యుని మాట చెప్పవలసినదేమున్నది?

ఇక దంతపు భరిణె. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లోను, 1991లోను జరిగిన సవరణలతో మన దేశంలో దంతపు వ్యాపారం పూర్తిగా ఆగిపోయింది. మొదట భారతీయ ఏనుగు దంతం, తరువాత ఆఫ్రికా దంతం. అంతరించిపోతున్న ప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం 1975 నుంచి అమలులో ఉన్నది. అమెరికా 2016లో, బ్రిటన్ 2018 నాటి చట్టంతో, తమ తలుపులు దాదాపు మూసివేశాయి. తాబేటిచిప్ప దువ్వెన, పులిగోరు పతకం, షాతూష్ శాలువ కూడా ఇదే కోవకు చెందినవి. నాయనమ్మగారి జ్ఞాపకంగా భరిణె ఇంట్లో ఉండవచ్చు. వేలానికి మాత్రం పనికిరాదు.

ఈ విధంగా పెట్టెలోని సామగ్రిలో సగం బయలుదేరకముందే తీసి పక్కన పెట్టవలసి వచ్చింది. తక్కినవైనా వాణిజ్యంగా విదేశానికి పంపాలంటే విదేశవాణిజ్య డైరెక్టరేటు ఇచ్చే ఎగుమతి దిగుమతి కోడు సంఖ్య ఉండాలి. తపాలాలో పంపేటప్పుడు తగిన ఎగుమతి బిల్లు నింపాలి.

తూకమా, విలువా?

రికార్డులూ పాటల పుస్తకమూ బయలుదేరాయి. దారిలో పోయాయనుకుందాం. నష్టపరిహారం ఎంత వస్తుంది? ఇక్కడే సంగ్రాహకుల లోకానికీ రవాణా లోకానికీ పొత్తు కుదరదు. సంగ్రాహకుడు అరుదును చూస్తాడు. రవాణా చట్టం కిలోగ్రాములను చూస్తుంది.

విమానంలో సరకు రవాణాకు 1999లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం ఆధారం. మన దేశం 2009లో అందులో చేరింది. దాని ప్రకారం సరకు పోయినా పాడైనా విమాన సంస్థ బాధ్యత కిలోగ్రాముకు ఇంత అని ఒక పరిమితి ఉన్నది. 2024 డిసెంబరు 28 నుంచి ఆ పరిమితి 26 ఎస్.డి.ఆర్.లు. ఎస్.డి.ఆర్. అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్కల నాణెం. ఒకటి సుమారు 1.3 నుంచి 1.4 డాలర్లు. ఈ లెక్కన కిలో బరువున్న రికార్డుల పెట్టెకు వచ్చేది 35 డాలర్లు. 50 గ్రాముల కవరులో లక్ష రూపాయల తపాలా బిళ్ల పంపితే వచ్చేది రెండు డాలర్లకు లోపు. కొన్ని కొరియర్ సంస్థలు ఇంతకన్న కొంత హెచ్చు మొత్తాన్ని కనిష్ఠంగా తమ షరతులలో రాసుకొంటాయి గాని, అదీ వస్తువు విలువకు ఆమడదూరంలోనే ఉంటుంది.

తపాలా దారి వేరు. 1874లో బెర్నులో పుట్టిన విశ్వ తపాలా సమాఖ్యలో మన దేశం 1876 నుంచి సభ్యురాలు. తపాలాలో పోయిన పొట్లాలకు పరిహారం ఆ సమాఖ్య నియమాల ప్రకారమే లభిస్తుంది. బీమా చేయని పొట్లానికి దానికీ చిన్న పరిమితి ఉన్నది. అంతకన్న ముఖ్యమైనది మరొకటి. నాణేలు, కరెన్సీ నోట్లు, బంగారం, వెండి, రత్నాలు బీమా చేయని ఉత్తరపు తపాలాలో పెట్టరాదని ఆ నియమాలే చెబుతున్నాయి. కొన్ని దేశాలు తపాలాలో నాణేలను అసలే రానీయవు. అనగా, నూరేళ్లు నిండని నాణేన్ని సైతం మామూలు కవరులో వేసి పంపినవాడు అది పోతే ఫిర్యాదు చేసే హక్కును కూడా తానే వదులుకొన్నట్టు.

ఈ పరిమితిని దాటే మార్గం లేకపోలేదు. పంపేటప్పుడే విలువను ప్రత్యేకంగా ప్రకటించి, అదనపు రుసుము చెల్లిస్తే పరిమితి ఆ మేరకు పెరుగుతుంది. లేదా విడిగా రవాణా బీమా తీసుకోవచ్చు. అయితే ఇక్కడా చిన్న అక్షరాలు చదవాలి. పురాతన వస్తువులకు, తపాలా బిళ్లలకు, నాణేలకు ఎంత విలువ ప్రకటించినా ఒక హద్దు దాటి ఇవ్వబోమనే కొరియర్ సంస్థలున్నాయి; అసలు తీసుకోనివీ ఉన్నాయి. కట్టడంలో లోపం వల్ల కలిగిన నష్టాన్ని, వస్తువు స్వభావం వల్లనే కలిగిన చెరుపును, ఆలస్యాన్ని సరకు బీమాలు మినహాయిస్తాయి. చట్టవిరుద్ధమని ప్రభుత్వం స్వాధీనం చేసుకొన్నదానికి బీమా ఆసరా దొరకదు.

పొట్లం మీద రాసే మాట

ఈ దశలో కొనుగోలుదారు నుంచి ఒక ఉత్తరం వస్తుంది. "అయ్యా, పొట్లం మీద 'కానుక' అని రాయండి. విలువ 20 డాలర్లని వేయండి. నాకు సుంకం తప్పుతుంది, మీకు పోయేదేమీ లేదు." ఎంతో మర్యాదగా ఉండే ఈ కోరిక అన్నిటికన్న ప్రమాదకరమైనది.

విదేశానికి పోయే ప్రతి పొట్లం మీద కస్టమ్స్ ప్రకటన అంటించాలి. తపాలాలో చిన్న పొట్లాలకు సి.ఎన్. 22 అనే ఫారం, విలువ హెచ్చినవాటికి సి.ఎన్. 23. ఆ ఫారం మీద సంతకం చేసేవాడు అమ్మకందారు, కొనుగోలుదారు కాదు. మన కస్టమ్స్ చట్టం 1962 నాటిది. తెలిసి తప్పు ప్రకటన చేసినవారికి వస్తువు విలువకు అయిదు రెట్ల వరకు జరిమానా వేసే అధికారం అందులో ఉన్నది. పొట్లం పోయిన రోజున బీమా సంస్థ చూసేది కూడా ఆ 20 డాలర్ల అంకెనే. వేలంలో 400 డాలర్లు పలికిందని చూపిస్తే, మరి ఫారం మీద అలా ఎందుకు రాశారని అడుగుతారు. జవాబు ఉండదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్న సామెత ఇటువంటి సందర్భానికే పుట్టిందనిపిస్తుంది.

సుంకం తప్పించమని అడిగిన కొనుగోలుదారుకు మర్యాదగా కాదని చెప్పాలి. ఆయన మానుకొంటే ఒక అమ్మకం పోతుంది, అంతే.

రెండవ గుమ్మం

మన దేశపు గుమ్మం దాటిన పొట్లానికి అవతలి దేశపు గుమ్మం ఎదురవుతుంది. ఒకప్పుడు చిన్న పొట్లాలను చాలా దేశాలు చూసీచూడనట్టు వదిలివేసేవి. ఆ రోజులు పోయాయి. ఆస్ట్రేలియా 2018 జూలై నుంచి వెయ్యి డాలర్ల లోపు దిగుమతులకూ తన వస్తుసేవల పన్ను వర్తింపజేసింది. బ్రిటన్ 2021 జనవరి నుంచి, ఐరోపా సమాఖ్య అదే ఏడాది జూలై నుంచి చిన్న పొట్లాలకు ఉన్న విలువాధారిత పన్ను మినహాయింపును ఎత్తివేశాయి. ఐరోపా సమాఖ్య పురాతన సాంస్కృతిక వస్తువుల దిగుమతికి 2025 జూన్ 28 నుంచి అనుమతిపత్రాలు, దిగుమతిదారు వాంగ్మూలాలు కూడా అడుగుతున్నది.

అమెరికా కథ మరింత గుణపాఠం. 2016 నుంచి 800 డాలర్లకు మించని పొట్లాలను ఆ దేశం సుంకం లేకుండా రానిచ్చేది. 2025 ఆగస్టు 29 నుంచి ఆ వెసులుబాటును అన్ని దేశాలకూ నిలిపివేసింది. సుంకం ఎవరు వసూలు చేయాలో, ఎలా జమకట్టాలో తేలకపోవడంతో భారత తపాలాశాఖ ఆగస్టు 25 నుంచే అమెరికాకు పొట్లాలు తీసుకోవడం చాలావరకు ఆపివేసింది. అక్టోబరు 15న గాని సేవలు తిరిగి మొదలు కాలేదు. ఆ ఏడు వారాలలో వేలం గెలిచిన అమెరికా కొనుగోలుదారు ఎదురుచూశాడు. అమ్మకందారు చేతిలో వస్తువు ఉండి కూడా తపాలాలో పంపలేకపోయాడు. సుంకాల రేట్లు ఒక ప్రభుత్వ ఉత్తర్వుతో మారగలవని అప్పుడు అందరికీ అర్థమైంది. వేలంపాట నాటి రేటును నమ్ముకోరాదు. పంపే రోజున ఉన్న రేటును చూసుకోవాలి.

సుంకం ఎవరు భరించాలో వేలం ప్రకటనలోనే రాయకపోతే వచ్చే చిక్కు మరొకటి. కొనుగోలుదారు సుంకం చీటీ చూసి బెదిరి పొట్లం వద్దంటాడు. అది కొన్ని వారాలు గిడ్డంగిలో పడి ఉండి తిరుగుముఖం పడుతుంది, లేదా అక్కడే వదలివేయబడుతుంది. తిరిగి వస్తే మన కస్టమ్స్ ఇది దిగుమతి సరకా అని అడుగుతుంది. పంపిన వస్తువే తిరిగి వచ్చిందని చెప్పడానికి ఎగుమతి బిల్లు ఆధారం. ఆ బిల్లు లేనివాడు తన సొంత రికార్డులకే తాను సుంకం కట్టుకోవలసిన స్థితి రావచ్చు.

డబ్బు చేతికి వచ్చిన తరువాత

డబ్బు ముందే వచ్చింది కదా అన్న ధీమా చాలామందిని దెబ్బతీస్తుంది. ఇంటర్నెట్ చెల్లింపు నగదు వంటిది కాదు, వెనుకకు పోగలిగినది. పేపాల్ ద్వారా చెల్లించిన కొనుగోలుదారు 180 రోజుల లోపల ఫిర్యాదు చేయవచ్చు. క్రెడిట్ కార్డు ఇచ్చిన బ్యాంకు ద్వారా కూడా డబ్బు వెనుకకు రప్పించుకోవచ్చు. కూతురి ఫీజు కట్టేసిన మూడు నెలలకు అమ్మకందారు ఖాతాలో ఆ మొత్తం తగ్గిపోయి కనిపించవచ్చు.

ఫిర్యాదులు రెండు రకాలు. వస్తువు అందలేదన్నది మొదటిది. చేరినట్టు జాడ తెలిపే సేవలో పంపి ఉంటే దీనికి జవాబు చెప్పవచ్చు. 750 డాలర్లు, అంతకు మించిన అమ్మకాలలో కొనుగోలుదారు సంతకం చేసి తీసుకొన్న రుజువును కూడా పేపాల్ అడుగుతుంది. అమ్మకం పత్రంలో ఉన్న చిరునామాకే పంపాలి. "నేను ఊరు మారాను, మా స్నేహితుని చిరునామాకు పంపండి" అని ఉత్తరం వచ్చి, దాన్ని మన్నించితే అమ్మకందారుకున్న రక్షణ అక్కడితో సరి.

వస్తువు వర్ణించినట్టు లేదన్నది రెండవది. సంగ్రహణ వస్తువులలో ఇదే కత్తివంటిది. రికార్డు మీద గీత ఉందంటాడు. బిళ్లకు జిగురు కొత్తగా పూసినదంటాడు. అసలు నకిలీదంటాడు. కొన్నిసార్లు అది నిజమే. గాంధీజీ పది రూపాయల బిళ్లకు వచ్చినన్ని నకిలీలు అరుదు. కొన్నిసార్లు మోసం, తన దగ్గరి పాడైన ప్రతిని తిరిగి పంపి, మీ మంచి ప్రతిని ఉంచుకొనేవారున్నారు. వేల మైళ్ల దూరం నుంచి వాదించడానికి మాటలు చాలవు. సాక్ష్యం కావాలి.

ఆ సాక్ష్యం పంపకముందే తయారు కావాలి. బిళ్ల రెండువైపులా, అంచుల రంధ్రాలు లెక్కపెట్టగలిగినంత దగ్గరగా ఫోటోలు తీయాలి. రికార్డు మీది ముద్రణ సంఖ్య కనిపించాలి. కట్టే దృశ్యాన్ని మొదటి నుంచి తూకం వేసేవరకు ఆపకుండా వీడియో తీయాలి. విలువ హెచ్చైనప్పుడు నిపుణుల ధ్రువపత్రం పొందాలి. తపాలా బిళ్లలకు లండన్‌లోని రాయల్ ఫిలాటెలిక్ సొసైటీ వంటి సంస్థలు, నాణేలకు మూసిన పెట్టెలో ఉంచి శ్రేణి నిర్ణయించే అమెరికా సంస్థలు ఉన్నాయి. దానికి ఖర్చు ఉన్నది. కాని అసలు నకిలీల తగవులో అమ్మకందారు మాటకన్న ఆ పత్రానికే విలువ.

కట్టే చేతిలో పని

కాగితాల తరువాతనే అట్టపెట్టె. పాత గ్రామఫోను రికార్డులు లక్కతో చేసినవి. పళ్లెం వలె వంగవు, గాజు వలె పగులుతాయి. ఒక్కొక్కదానినీ గట్టి అట్టల మధ్య ఉంచి, చిన్న పెట్టెలో కదలకుండా బిగించి, ఆ పెట్టెను పెద్ద పెట్టెలో పెట్టి, రెంటి మధ్యా అన్నివైపులా రెండంగుళాల మెత్తని దన్ను ఇవ్వాలి. తపాలా బిళ్లలకు, నాణేలకు పి.వి.సి. సంచులు వాడరాదు, ఆ ప్లాస్టిక్ నుంచి వెలువడే పదార్థం లోహాన్నీ కాగితాన్నీ తినివేస్తుంది. మన కోస్తా ఉక్కలో జిగురున్న బిళ్లలు దేనికైనా అతుక్కుపోతాయి. పొడి వాతావరణంలో కట్టాలి.

ఊళ్లో దొరికే ఎండుగడ్డిని కూరటం మన వాడుక. ఆస్ట్రేలియా వంటి దేశాలు పురుగుల భయంతో ఆ గడ్డిని ససేమిరా రానీయవు. పచ్చి చెక్కతో పెట్టె చేయించినా చిక్కే. రవాణాకు వాడే చెక్క శుద్ధి చేసి ముద్ర వేయించినదై ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం ఉన్నది. కొండపల్లి బొమ్మకు ఏ లోపం లేకున్నా, దాని చుట్టూ కూరిన గడ్డి వల్ల పొట్లం మొత్తం నాశనమయ్యే అవకాశమున్నది.

ఏది పంపాలి, ఏది ఉంచుకోవాలి

ఇంతకూ మన గృహస్థు ఏమి చేయాలి? నూరేళ్లు దాటిన రూపాయలను విదేశీ వేలం నుంచి వెంటనే ఉపసంహరించుకోవాలి. అమ్మకం రద్దు చేసి డబ్బు తిరిగి ఇవ్వడం పరువు తక్కువ కాదు. వాటిని దేశంలోనే అమ్ముకొనే దారి ఉన్నది; అదే వ్యాపారంగా పెట్టుకొంటే మాత్రం లైసెన్సు కావాలి. భరిణె ఇంట్లోనే ఉండాలి. 1931 నాటి కవర్లలో ఉత్తరాలు ఉన్నవేవో, ఖాళీవేవో వేరుచేసి చూడాలి. రికార్డులు, పాటల పుస్తకం నిరభ్యంతరంగా వెళ్లవచ్చు. వాటి నిజమైన విలువ ఫారం మీద రాసి, ఆ విలువకు బీమా చెల్లించి, జాడ తెలిసే సేవలో, అమ్మకం పత్రంలో ఉన్న చిరునామాకు పంపాలి. ఆ ఖర్చులన్నీ వేలం ప్రకటనలో ముందే చేర్చాలి. అవి కలిపితే లాభం మిగలని వస్తువు విదేశానికి పంపదగినది కాదు.

ఈ లెక్క వేసుకొంటే ట్రంకుపెట్టె ధర వార్తలలో చదివినంత పెద్దదిగా కనిపించకపోవచ్చు. కాని అది నిజమైన ధర. రికార్డులు అమ్మగా వచ్చిన డబ్బు ఆరునెలల తరువాత కూడా ఖాతాలో నిలిచి ఉంటుంది. ఆ ఇంటి గుమ్మం ముందుకు కస్టమ్స్ నోటీసు రాదు. తాతగారి రూపాయలు ఈ దేశంలోనే ఉంటాయి. పాత వస్తువులు అమ్ముకొనేవాడు కోరదగిన లాభం ఇంతకన్న పెద్దది లేదు.